ఇంటి ప్రింటరులో సిరా యెండినప్పుడు



కుట్టుమిషను, గ్రైండరు మొదలగువాని సరసనే ప్రింటరు కూడ నేడు అనేక గృహములలో నొక మూల చేరినది. పిల్లల హాల్ టికెట్లకు, ఆధారు నకళ్లకు, బడి ప్రాజెక్టులకు వీధి చివరి జిరాక్సు దుకాణమునకు పరుగెత్తు పని తగ్గినది. సౌకర్యమే. కాని కుట్టుమిషనును ఆరు నెలలు ముసుగు వేసి యుంచినను నాలుగు చుక్కల నూనె వేసినచో మరల నడచును. ఇంకుజెట్ ప్రింటరు అట్లు గాదు. వాడకుండుటయే దానికి జబ్బు. రెండు నెలలు ఊరకుండి, యొకనాడు అవసరము వచ్చి మీట నొక్కినప్పుడు అక్షరములపై తెల్లని చారలు పడును; లేక పచ్చ రావలసిన చోట పసుపు వచ్చును; లేక కాగితము తెల్లగనే బయటికి వచ్చును. చూడబోయిన సిరా నిండుగనే యుండును.

ఇందు వింత యేమియు లేదు. జంతికల గొట్టమును కడుగక విడిచిన మరునాడు దాని చిల్లులలో పిండి యెట్లుండునో తలచుకొనుడు. గోరింటాకు కోను మొనకు గుండుసూది గ్రుచ్చి యుంచుట మన ఆడుపిల్ల లందరకు తెలిసినదే గదా. గ్రుచ్చనిచో మొన గట్టిపడి, లోపలి ముద్ద మెత్తగ నున్నను బయటికి రాదు. ప్రింటరు హెడ్డు కూడ అట్టిదే. అది కాగితముపై అటు నిటు పరుగెత్తు చిన్న దిమ్మ. దాని అడుగున వందల కొలది రంధ్రములు వరుసలు దీరి యుండును. వీనినే నాజిళ్లందురు. ఒక్కొక్క నాజిలు వెడల్పు ఇంచుమించు 20 మైక్రానులు, అనగా తలవెండ్రుక మందములో మూడవ వంతో నాలుగవ వంతో. అందుండి వెడలు బొట్టు కొన్ని పికోలీటర్లు మాత్రమే. లీటరును లక్షకోట్ల భాగములు చేసిన నందొక భాగము పికోలీటరు. ఇంత సన్నని దారిలో సిరాలోని నీరు ఆవిరియైనచో, మిగిలిన రంగు బిరడా వలె బిగిసికొనుటలో నాశ్చర్య మేమి? పైగా అనేక యంత్రములలో నల్లసిరా పిగ్మెంటు సిరా, అనగా నీట కరగక తేలియాడు రంగుపొడి గలది. తక్కిన రంగులు తరచు నీట కరగు డై సిరాలు. అందుచేత నల్లరంగే ముందుగా మొరాయించుట మేము పెక్కు సారులు చూచితిమి.

సిరాను చిమ్ము విధానములు రెండు. 1977లో జపాను దేశమున కేనన్ సంస్థ పరిశోధకుడగు ఇచిరో ఎండో ప్రయోగశాలలో, కాగిన సోల్డరింగు ఇనుము సిరా నింపిన సిరంజి సూదికి తగులగా సిరా చివ్వున చిమ్మినది. అందుండి పుట్టినదే వేడి పద్ధతి. నాజిలు వెనుక నున్న చిన్న హీటరు సిరాను క్షణములో మరగించి బుడగను పుట్టించును. ఆ బుడగ బొట్టును ముందునకు త్రోయును. హెచ్.పి. వారు 1984లో థింక్‌జెట్ అను పేర ఇట్టి యంత్రమునే అమ్మకమునకు తెచ్చిరి. రెండవ పద్ధతికి మూలము 1880లో ఫ్రాన్సు దేశపు క్యూరీ సోదరులు కనుగొన్న విషయము. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని వారు చూపిరి. విద్యుత్తు పంపినచో అట్టి పదార్థము వంగునని పిమ్మట తేలినది. ఎప్సన్ వారి ప్రింటర్లలో ఆ వంపే సిరాను నొక్కి పంపును. మనకీ శాస్త్రమెందు కందురేమో. వేడి పద్ధతిలో అనేక నమూనాలకు హెడ్డు కార్ట్రిడ్జికే అతికి యుండును గనుక కార్ట్రిడ్జి మార్చిన హెడ్డును మారినట్లే. రెండవదానిలో హెడ్డు యంత్రమునకే బిగింపబడి యుండును; మార్చుట మిక్కిలి ఖర్చు. కాబట్టి తొందరపడి చేయు చికిత్స రెండవజాతి యంత్రమున కెక్కువ హాని.

మా వీధిలో నొక సోదరి కలదు. భర్త గతించి ఐదేండ్లైనది. ఇంటి ముందరి గదిలో పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి సంసారము నడుపుకొనుచున్నది. పొదుపు సంఘములో అప్పు తీసి, సిరా ట్యాంకులు గల ఇంకుజెట్ ప్రింటరు నొకదానిని కొనెను. ప్రశ్నపత్రములు తానే అచ్చు వేసికొని, ఇరుగుపొరుగు వారికి కావలసిన కాగితములు పుట కింతయని తీసియిచ్చి, వచ్చిన దానితో వాయిదాలు కట్టుచుండెను. ఏప్రిలు చివర బడులు మూయగా ఆమె పుట్టింటికి పోయెను. రోళ్లు పగులు రోహిణీకార్తె యెండలలో, తలుపులు మూసిన గదిలో ఆ యంత్రము ఏడు వారములు పడియుండెను. జూను నెలలో బడులు తెరచుసరికి నల్లరంగు ఒక్క గీతయు పడలేదు. ఆమె తమ్ముడు వచ్చి ‘హెడ్ క్లీనింగ్’ అను ఆజ్ఞను ఒకటి వెంట నొకటిగ తొమ్మిది సారు లిచ్చెను. ట్యాంకులలో సిరా వ్రేలెడు దిగెను గాని అచ్చు రాలేదు. పట్టణములోని ఒక మరమ్మతు దుకాణమువాడు మూత యెత్తి చూచి, హెడ్డు పోయినదనియు, మార్చుటకు క్రొత్త ప్రింటరు వెలలో సగమునకు పైబడి యగుననియు చెప్పెనట. వాయిదాలు ఇంకను ఎనిమిది మిగిలి యుండెను.

“పిన్నిగారూ, ఇది పోతే మళ్లీ కొనే శక్తి నాకు లేదు. వచ్చినంతకి అమ్మేయమంటారా?” అని ఆమె మమ్ము అడిగెను. అది శుక్రవారము. సోమవారము నాటికి ముప్పది మంది పిల్లలకు ప్రశ్నపత్రములు కావలెను.

మేము ముందుగా చూడగోరినది యంత్రమును గాదు, కాగితములను. ప్రతి ఇంకుజెట్ ప్రింటరులోను నాజిళ్లను పరీక్షించు పుట యొకటి యుండును. ‘నాజిల్ చెక్’ అని దాని పేరు. అన్ని రంగులలోను సన్నని గీతలు మెట్లు మెట్లుగ పడును. గీత తెగిన చోట నాజిలు పలుకలేదని యర్థము. తమ్ముడు తీసిన మూడు పుటలు అదృష్టవశమున చెత్తబుట్టలోనే దొరికెను. వానిని వరుసగ నేలపై పరచితిమి. నీలిరంగులో ఖాళీలు ఒక్కొక్క పుటలో ఒక్కొక్క చోట నుండెను. నల్లరంగు మొదటి పుటలో శూన్యము, మూడవ పుటలో పైభాగమున నాలుగైదు గీతలు.

ఇట్లు స్థలము మారు ఖాళీలు గాలిబుడగల వలన కలుగునవి. మూసికొన్న నాజిలైనను, చచ్చిన నాజిలైనను అదే చోట మరల మరల కనబడును. శుభ్రపరచు ఆజ్ఞ నిచ్చినప్పుడు లోపలి పంపు నాజిళ్లనుండి సిరాను బలముగ పీల్చి అడుగున నున్న స్పాంజి ప్యాడునకు పంపును. ఇది రెండు మూడు సారులైన మేలే. అటుపై సిరా వ్యర్థము, ప్యాడు నిండుట, దారిలో గాలి చేరుట తప్ప ఫలము లేదు. ఇక నల్లరంగు నాలుగు గీతలైన వచ్చినదనగా హెడ్డునకు ప్రాణమున్నదనుట. కాబట్టి ఆ రాత్రికి యంత్రమును ముట్టవలదంటిమి. తడిసిరా తగిలి యుండిన కొలది ఎండినది నానును, బుడగలును అణగును. ఊరక కూర్చుండుట ఆమెకు కష్టమే యైనది.

శనివారము ఉదయమున నీలిరంగు సంపూర్ణముగ వచ్చెను. నల్లరంగు మాత్రము అవే అయిదు గీతలు, అదే చోట. అప్పుడు టార్చి వేసి, పని లేనప్పుడు హెడ్డు విశ్రమించు కుడిమూలను చూచితిమి. అచ్చట రబ్బరు అంచు గల చిన్న తొట్టి, దానిలో స్పాంజి యుండును. హెడ్డు ఆరిపోకుండ మూత వలె కప్పునది అదే. పంపు పీల్చునదియు దాని ద్వారానే. ఆ రబ్బరు అంచుపై నల్లసిరా కాటుక పెచ్చు కట్టినట్లు ఎండి యుండెను. మూత సరిగ కూర్చుండనిచో పంపు సిరాను గాక గాలిని పీల్చును. తొమ్మిది సారుల శ్రమ వ్యర్థమైన కారణమిదియే. దుకాణమువాడు ఈ మూల చూచియుండినచో హెడ్డు మాట యెత్తి యుండడు.

ఇన్వర్టరు బ్యాటరీలకు పోయు డిస్టిల్డు వాటరు సీసా తెప్పించితిమి. (కొనునప్పుడు అది యాసిడు గాదని అడిగి తెలిసికొనవలెను.) బోరు నీరు పనికిరాదు, అందలి ఉప్పు ఎండి క్రొత్త బిరడా యగును. నీటిని వ్రేలికి గోరువెచ్చగ తగులునట్లు చేసి, చెవిపుల్లతో రబ్బరు అంచును నాలుగు సారులు తుడిచి, స్పాంజిలో కొన్ని చుక్కలు విడిచితిమి. హెడ్డు కదలి నడుమకు వచ్చినప్పుడు ప్లగ్గు తీసివేసినచో దానిని చేతితో మెల్లగ జరుపవచ్చును. పోగులు రాలని మెత్తని గుడ్డను సన్నని పట్టీగ మడచి, తడిపి, నీరు కారకుండ పిండి, దారిలో పరచి, హెడ్డును దానిపైకి జరిపి గంట సేపుంచితిమి. గుండుసూది పెట్టుట, బ్రష్షుతో రుద్దుట, థిన్నరు, నెయిల్ పాలిష్ తుడుచు ద్రవము పోయుట యెన్నడును కూడదు. వెనుక అడ్డముగ సాగియుండు పలుచని పారదర్శకపు పట్టీకి సిరాచేయి తగులనీయరాదు. హెడ్డు తానెచ్చట నున్నదో ఆ పట్టీని చూచియే తెలిసికొనును. అది మలినమైన అక్షరములు చెదరును, జనులు హెడ్డును నిందింతురు.

గుడ్డ తీసి, ఒక్కసారి శుభ్రపరచి, పరీక్షించితిమి. నల్లరంగు సగము వచ్చెను. ఆశ పుట్టినప్పుడే చేతులు కట్టుకొనుట కష్టము; అయినను మరల రాత్రియంతయు విడిచితిమి. ఆదివారము ఇంకొక్కసారి. రెండే రెండు చిన్న గీతలు తక్కువగ మొత్తము వచ్చెను. ఆ రెండింటికై మరల మొదలిడబోవు తమ్ముని వారించితిమి. చదువు కంటికి వాని లోపము తెలియదు. సాయంకాలమునకు ముప్పది ప్రతులును సిద్ధమాయెను. మిగిలిన వాయిదాలు ఫిబ్రవరికి తీరినవి.

కార్ట్రిడ్జికి హెడ్డు అతికి యున్న యంత్రములకు పని సులువు. కార్ట్రిడ్జిని తీసి, రాగిరంగు బిళ్లలను తాకక, నాజిళ్ల వైపును గోరువెచ్చని శుద్ధజలముతో తడిపిన గుడ్డపై రెండు మూడు నిమిషము లుంచి, పొడి టిష్యూపై అద్దవలెను. రంగు చారలు స్పష్టముగ పడిన దారి తెరచుకొన్నట్లే. పడనిచో మరియొక కార్ట్రిడ్జి కొనుటయే మేలు.

విడువవలసిన సమయమును గలదు. మూడు నాలుగు దినములు ఇట్లు నానబెట్టినను ఖాళీలు వెంట్రుకవాసి కదలకున్నచో నాజిలు వెనుక హీటరో విద్యుత్తు దారియో చెడినదని యెంచవలెను; నీటితో అది బాగుపడదు. ప్యాడు నిండినదని యంత్రము పని మానినచో అది హెడ్డు దోషము గాదు, ప్యాడు మార్పింపవలెను.

రాకుండ చూచుకొనుట కష్టము గాదు. వారమున కొక పుట అన్ని రంగులతోను తీయవలెను. నాజిల్ చెక్ పుటయే చాలును, సిరా స్వల్పమే పట్టును. గోడ స్విచ్చితో గాక యంత్రము మీటతోనే ఆపవలెను. అప్పుడే హెడ్డు మూత క్రిందికి చేరును. అచ్చు నడుమ కరెంటు పోయినచో, వచ్చిన పిదప ఒకసారి వేసి మీటతో ఆపుట మరువరాదు. ఫ్యాను గాలికి, కిటికీ యెండకు దూరముగ నుంచవలెను. నెలకో రెండు నెలలకో నాలుగు నల్లపుటలు తప్ప అక్కరలేని యింటికి ఇంకుజెట్ కన్న లేజరు ప్రింటరు మేలని మా యభిప్రాయము. దానిలోనిది పొడి గనుక ఎండుట కేమియు లేదు.

ఈ వేసవికి ఆ సోదరి పుట్టింటికి పోవుచు తాళపుచెవి మా చేతి కిచ్చి పోయెను. శుక్రవారము శుక్రవారము పోయి, పుట యొకటి తీసి, తేదీ వేసి, బల్ల సొరుగులో పెట్టి వచ్చుచున్నాము. ఇప్పటికి ఐదు పుట లైనవి. రెండు గీతలు మాత్రము ఇప్పటికిని రాలేదు.