వినాయకుడి వాహనం మా వాహనమెక్కింది!

అమెరికా వెళ్ళొచ్చానంటే చాలు, మిత్రులంతా అడిగే మొదటి ప్రశ్న “హాలీవుడ్ చూశావా?” అని. చూశానండీ! కాని లాస్ ఏంజిలిస్‌లో ఉన్న హాలీవుడ్ కాదు. హీరోలు గుర్రాల మీద దుమ్ము రేపుకుంటూ పోయే హాలీవుడ్‌ని, కొండల మధ్య చూశాను. ఆ కొండల కంటే ముందు ఒక చిట్టెలుక మా కథలోకి వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, మా విషయంలో అది తిరగబడింది. ఎలుకల సంగతి చూశాకే కొండ చూశాం!

మా అక్క కాలిఫోర్నియా రాష్ట్రంలో బిషప్ అనే చిన్న ఊళ్ళో నర్సుగా పనిచేస్తోంది. బావగారిది ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ ఉద్యోగం. ఆ ఊరికి పడమట సియర్రా నెవాడా పర్వతాలు, తూర్పున వైట్ మౌంటెన్స్, మధ్యన ఓవెన్స్ లోయ. లోయ పొడవునా 395వ నంబరు రోడ్డు. ఆ రోడ్డు మీద దక్షిణంగా 60 మైళ్ళు పోతే లోన్ పైన్ అనే ఊరు వస్తుంది. ఊరి పక్కనే అలబామా హిల్స్. గుండ్రంగా, ఎర్రగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ళు. వెనకాల 14,505 అడుగుల మౌంట్ విట్నీ, మంచు టోపీ పెట్టుకుని.

ఇక్కడ 1920 నుంచీ వందలాది చిత్రాలు తీశారు. 1939లో వచ్చిన ‘గంగా దిన్’లో ఈ రాళ్ళే మన దేశపు వాయవ్య సరిహద్దు! 2008లో ‘ఐరన్ మ్యాన్’ వచ్చేసరికి అవే రాళ్ళు అఫ్ఘనిస్తాన్ అయిపోయాయి. ఏ వేషం ఇచ్చినా కాదనని క్యారెక్టర్ ఆర్టిస్టులన్నమాట. 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణగారు గుర్రం మీద రాజస్థాన్ ఇసుకలో దూసుకుపోతుంటే టీవీ ముందు నోరు తెరుచుకు చూసిన వాణ్ణి నేను. కౌబాయ్‌ల సొంత గడ్డ 60 మైళ్ళలో ఉందంటే కాలు నిలుస్తుందా?

2025 ఏప్రిల్‌లో బిషప్‌లో దిగాను. “బావగారి క్యాంపర్ వ్యాన్‌లో వెళ్దాం, రాత్రికి అక్కడే పడుకుందాం” అంది అక్క. క్యాంపర్ వ్యాన్ అంటే మన హీరోల క్యారవాన్‌కి పేద తమ్ముడనుకోండి. వెనక మంచం, చిన్న పొయ్యి, సింకు, నాలుగు సొరుగులు. దీపావళి వెళ్ళగానే చలి ముదురుతుంది కనుక ఇంటి వెనక నిలిపి, టార్పాలిన్ కప్పేశారట. అయిదు నెలలుగా తలుపు తీసిన నాథుడు లేడు.

మర్నాడు అక్క డ్యూటీకి వెళ్ళింది. బావగారు మీటింగులో ఉన్నారు. నాకు తోచుబాటు కాలేదు. పనిలో సాయం చేసి మంచి పేరు కొట్టేద్దామని తాళం తీసుకెళ్ళి వ్యాన్ తెరిచాను. గుప్పున ముక్కవాసన! సొరుగులో సంక్రాంతి నాటి... కాదు కాదు, పోయిన దీపావళి నాటి చేగోడీల ప్యాకెట్టు, పొట్ట చీల్చి ఉంది. పరుపు మూల స్పాంజి తవ్వేసి ఉంది. నేలంతా జీలకర్ర చల్లినట్టు ఎలుక పెంటికలు. ఎలుకలు రాకుండా బావగారు పుదీనా నూనెలో ముంచిన దూది ఉండలు పెట్టారట. ఆ దుర్మార్గులు ఆ దూదితోనే మెత్తగా గూడు కట్టుకున్నాయి!

“వినాయకుడి వాహనం మన వాహనమెక్కిందండోయ్!” అని నాలో నేనే నవ్వుకుని, చీపురు పట్టి ఊడ్చేశాను. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము, సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెలుగులో సిగరెట్ పొగ తిరిగినట్టు సుడులు తిరిగింది. నాలుగు తుమ్ములు కూడా తుమ్మాను.

సాయంత్రం అక్క వచ్చి చెత్తబుట్ట చూసింది. మొహం పాలిపోయింది.

“ఎవర్రా ఊడ్చింది?”

“నేనే అక్కా. శుభ్రంగా...”

“ఒరేయ్, మూతికి గుడ్డయినా కట్టుకున్నావా?”

కట్టుకోలేదు. అక్క కుర్చీలో కూలబడింది. అది చూశాక నవ్వు మాయమైంది నాకు.

తర్వాత అక్క చెప్పిన సంగతి ఇది. అక్కడి కొండల్లో డీర్ మౌస్ అనే ఎలుక ఉంది. వీపు గోధుమ రంగు, పొట్ట తెల్లన, కళ్ళు పెద్దవి. చూడ్డానికి కార్టూన్ బొమ్మలా ముద్దుగా ఉంటుంది. కాని దాని మలమూత్రాల్లో హంటా వైరస్ ఉండవచ్చు. ఎండిపోయిన పెంటికల్ని పొడిగా ఊడిస్తే అది దుమ్ముతో లేచి మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1993లో ఈ జబ్బును అక్కడ తొలిసారి గుర్తించారు. వైరస్‌కి పెట్టిన పేరు ‘సిన్ నోంబ్రే’. స్పానిష్‌లో ‘పేరు లేనిది’ అని అర్థమట! పేరు లేని విలన్! ఊపిరాడని దశకు చేరినవాళ్ళలో నూటికి 38 మంది దాకా చనిపోతారు. మందు లేదు, టీకా లేదు. తొందరగా ఆసుపత్రికి చేరడమొక్కటే దారి.

“2012లో యోసెమిటీ పార్కులో డేరాల గోడల మధ్య ఎలుకలు గూళ్ళు పెట్టాయి. పదిమందికి జబ్బు చేసి ముగ్గురు పోయారు. అంత వెనక్కెందుకు? ఈ ఏడాది ఇక్కడికి 40 మైళ్ళలో మామత్ లేక్స్‌లో ముగ్గురు పోయారు. జీన్ హాక్‌మన్ భార్య సంగతి చదవలేదూ?”

చదివాను. ‘ఫ్రెంచ్ కనెక్షన్’కీ, ‘అన్‌ఫర్గివెన్’కీ ఆస్కార్లు అందుకున్న జీన్ హాక్‌మన్, ఆయన భార్య బెట్సీ అరకావా 2025 ఫిబ్రవరిలో న్యూమెక్సికోలోని సొంత ఇంట్లో రోజుల తేడాలో మరణించారు. ఆయనది గుండె జబ్బు. ఆమెది హంటా వైరస్. ఆ ఆవరణలోని గ్యారేజీల్లో, నిలిపి ఉంచిన వాహనాల్లో ఎలుకల గూళ్ళు కనిపించాయని ఆరోగ్యశాఖ వాళ్ళు తేల్చారు. అభిమాన నటుడి ఇంటి విషాదంగా చదివిన వార్త. అదే ఎలుక నా చీపురు కింద కూడా ఉందని ఎవరనుకున్నారు?

“ఎన్నాళ్ళకి బయటపడుతుందక్కా?”

“వారం నుంచి ఎనిమిది వారాల లోపు. జ్వరం, తొడల్లో నడుములో నొప్పులు వస్తే దాచకుండా చెప్పు. ఊడ్చిన ప్రతివాడికీ రాదులే. ఏ ఎలుకలోనో గాని ఉండదు.”

ధైర్యం చెప్పింది గాని, ఆ రాత్రి గోడ మీది క్యాలెండర్లో తేదీకి సున్నా చుట్టింది.

మర్నాడు అసలైన శుభ్రం. తలుపులన్నీ తెరిచి అరగంట దూరంగా నిలబడ్డాం. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కులు. ఒక పాలు బ్లీచికి తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి పెంటికలూ, గూడూ నానేలా చల్లి అయిదు నిమిషాలు ఆగాం. ఆపైన కాగితం తువ్వాళ్ళతో తుడిచి, రెండు సంచుల్లో మూటగట్టి పారేశాం. చీపురూ వద్దు, వాక్యూమ్ మిషనూ వద్దు. తడి చెయ్యి, తుడువు. సూత్రం అంతే.

“ఇల్లలకగానే పండగ కాదోయ్! వచ్చిన దారి పట్టుకోవాలి” అన్నారు బావగారు. టార్చి పట్టుకుని వ్యాన్ కింద పడుకున్నాం. పావు అంగుళం సందు చాలట ఎలుకకి. పెన్సిలు దూరితే అదీ దూరుతుంది. సింకు గొట్టం దిగేచోట ఒకటి, కరెంటు తీగ వచ్చేచోట ఒకటి దొరికాయి. పక్కనే ఒక తీగ పైతొడుగు కొరికేసి ఉంది. ఎలుక ముందుపళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి కదా, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే. తీగకి కొత్త తొడుగు వేసి, సందుల్లో స్టీలు పీచు కూరి పైన సీలు వేశాం. రెండు బోన్లు, అంటే పటుక్కున పడే చెక్క బోన్లు, వేరుశెనగ ముద్ద రాసి పెట్టాం. విషం వద్దన్నారు బావగారు. అది తిన్న ఎలుక గోడ సందులో చస్తే కంపు భరించలేం, ఆ ఎలుకని తిన్న గుడ్లగూబకీ ముప్పే.

మూడు రాత్రుల్లో రెండు పడ్డాయి. తెల్లటి పొట్టలు. నాలుగో రాత్రి, అయిదో రాత్రి బోన్లు ఖాళీ. బయల్దేరాం.

అలబామా హిల్స్‌లో ఉన్న మట్టిరోడ్డు పేరే మూవీ రోడ్! పొద్దు వాలుతుంటే రాళ్ళు నారింజ రంగుకు తిరిగాయి. ఏ మలుపు తిరిగినా ‘ఇది ఎక్కడో చూశానే’ అనిపిస్తుంది. లోన్ పైన్‌లోని పాశ్చాత్య చిత్రాల మ్యూజియంలో ‘జాంగో అన్‌చెయిన్డ్’లో పళ్ళ డాక్టరు తోలిన గుర్రపుబండి ఉంది, పైన ఊగే పెద్ద పన్ను బొమ్మతో సహా. అందరూ పన్ను చూస్తుంటే నేను వంగి బండి కింద సందులు చూశాను. బావగారు పగలబడి నవ్వారు.

రాత్రి వ్యాన్‌లో పడుకున్నాక కిటికీలోంచి ఆకాశం నిండా చుక్కలు. నాకు నిద్ర పట్టలేదు. రాళ్ళెక్కినందుకు తొడలు నొప్పులు. రాళ్ళెక్కినందుకేనా? అక్క కూడా నిద్రపోలేదు. చీకట్లో చెయ్యి చాపి నా నుదురు తాకి చూసింది. చిన్నప్పుడు అమ్మ చూసినట్టు. ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

బెజవాడ వచ్చేశాక అయిదోవారంలో జ్వరం తగిలింది! మే నెల ఎండలు, ఎవరికైనా వచ్చే జ్వరమే. అయినా డాక్టరుగారికి దాచకుండా ఎలుకల కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. రక్తపరీక్ష చేయించి, ఆక్సిజన్ చూసి, రోజూ రమ్మన్నారు. మూడోనాటికి జ్వరం దిగింది. ఎనిమిదో వారం దాటిన రోజు అక్క ఫోన్ చేసి ఒక్క మాటే అంది: “క్యాలెండర్ పేజీ చించేశాన్రా.” ఆ గొంతులో ఏడుపుందో నవ్వుందో తెలీలేదు.

ఆ డీర్ మౌస్ అమెరికా వైపుది, మన వీధుల్లో ఉండదు. కాని మన ఎలుకలూ సాధువులు కావు. వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కార్ల తీగలు కొరకడం సరేసరి.

మొన్న మా మేడమీది సామాన్ల గది చాలా నెలలకి తెరిచాం. అమ్మ చీపురు తీసింది. “అమ్మా, ఆగు!” అని కేక పెట్టి, బకెట్టు నిండా నీళ్ళు తెచ్చాను.