యాడ్ కింద ఓ పేరు

2014 జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరుగుతుంటే 19 ఏళ్ల నికోలా యోకిచ్ సెర్బియాలో నిద్రపోతున్నాడు. డెన్వర్ నగెట్స్ అతన్ని 41వ పేరుగా ఎంచుకుంది. అప్పుడు అమెరికా టీవీలో టాకో బెల్ యాడ్ వస్తోంది. ఇతని పేరు తెర అడుగున వచ్చి పోయింది.

ఈ కథ అందరూ చెప్పేదే. నాకు నచ్చేది ఆ తర్వాతి సంగతి. ఎంపికైనా అతను వెంటనే అమెరికా విమానం ఎక్కలేదు. ఇంకో సీజన్ పాత జట్టు మెగాకే ఆడి, ఏడ్రియాటిక్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2015లో గానీ డెన్వర్ వెళ్లలేదు.

బీటెక్ అయ్యాక నా చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ మాత్రం ఎనిమిది నెలలు రాలేదు. పెళ్లికెళ్తే చాలు, "ఏరా, ఇంకా పిలవలేదా?" అనేవాళ్లు. ఆ రోజుల్లోనే రాత్రుళ్లు యోకిచ్ పాత మ్యాచ్‌లు చూశాను. పొడుగే గానీ ఎగరడం అంతంతమాత్రం, పరుగు నిదానం. బంతి ఎవరికి ఎప్పుడు అందాలో మాత్రం ముందే తెలిసినట్టుండేది. నన్ను అతనితో పోల్చుకుని ఓదార్చుకోలేదు లెండి. నాది ఎదురుచూపు, అతను రోజూ ఆడుతున్నాడు.

2023లో డెన్వర్‌కి మొదటి టైటిల్ తెచ్చిపెట్టాడు. విజయోత్సవ ఊరేగింపు గురువారమని విలేకరులు చెబితే మొహం వేలాడేశాడు. ఇంటికెళ్లాలట. ఆ ఆదివారం సోంబోర్‌లో అతని గుర్రానికి పందెం ఉంది మరి!