తేదీ లేని బిడ్డ

మా చిన్నమ్మాయి పుట్టినరోజుకు జగ్గయ్యపేట సంఘపు పిల్లలను ఆరుగురిని బస్సులో విజయవాడ తీసికొని వెళ్ళాము. 1887లో పునాది పడిన విక్టోరియా జూబిలీ మ్యూజియమే నేటి బాపు మ్యూజియం. నందిగామ ప్రాంతపు అల్లూరులో దొరికిన తెల్లరాతి బుద్ధ విగ్రహం ముందు అందరూ ఆగిపోయారు.

“దీని వయసెంతండీ అయ్యగారూ?”

“పదహారు వందల ఏండ్లకు పైనే.”

“పుట్టినరోజెప్పుడు?”

“ఎవరికీ తెలియదు నాన్నా.”

“నాదీ అంతేనండి. బళ్ళో ఏదో తేదీ వేశారు,” అన్నాడు కూలివారి పిల్లవాడు.

ఇన్ని ఇండ్లలో పుట్టినరోజు ప్రార్థనలు చేసిన మేము, వాని ఇంట ఒక్కటీ చేయలేదని అప్పుడు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాము.

బయట చెట్టునీడన కేకు కోసేటప్పుడు మా అమ్మాయి చేతిపై వాని చేయి కూడా ఉంచాము. పాటలో రెండు పేర్లూ పాడాము.

ప్రియులారా, మీ సంఘంలో తేదీ లేని బిడ్డ ఎవరు?