డంక్ వారి పేరు, మన ఇంటిపేర్లు

హాలిఫాక్స్‌లో కాపురముంటున్న మనలో చాలామందికి ఈ ఊరికి ఆ పేరెలా వచ్చిందో పిల్లల బడి పుస్తకాల ద్వారానే తెలిసి ఉంటుంది. 1749లో ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ సుమారు 2,500 మందిని వెంటబెట్టుకుని ఇక్కడ దిగాడు. అప్పట్లో లండన్‌లో వలసల వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కు అధ్యక్షుడు హాలిఫాక్స్ ప్రభువు. ఆయన పేరే ఈ ఊరికి పెట్టారు. అంతకు ఎంతో ముందు నుంచీ ఇక్కడ ఉన్న మిక్‌మా ప్రజలు ఈ చోటును కిజిపుక్తుక్, అంటే పెద్ద రేవు, అనేవారు. ఇప్పటికీ అంటున్నారు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఆ ప్రభువుగారి పూర్తి పేరు మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. ఆయన జార్జ్ మాంటెగ్యు డంక్. ఇందులో హాలిఫాక్స్ బిరుదు, మాంటెగ్యు తండ్రిగారి వంశం పేరు. డంక్ మాత్రం భార్య వైపు నుంచి తెచ్చుకున్న పేరు. డంక్ అంటే మన పిల్లలకు బాస్కెట్‌బాల్ గుర్తుకు రావచ్చు. ఇంగ్లండులో అది ఒక అరుదైన ఇంటిపేరు. కొద్ది నెలలుగా మా ఇంట్లో ఇంటిపేరు గురించి పెద్ద చర్చ జరుగుతోంది. అందువల్ల ఈ డంక్ వారి సంగతి మాకు ఆసక్తి కలిగించింది. పాఠకులకూ పనికివస్తుందని రాస్తున్నాము.

ఒక ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో కనిపెట్టడానికి ఇంగ్లండులో ఒక తేలిక పద్ధతి ఉంది. పాత జాబితాలు తీసి, ఆ పేరుగలవారు ఏ జిల్లాలో గుంపుగా ఉన్నారో చూస్తారు. 1890లో హెన్రీ గప్పీ అనే ఆయన ఊళ్ళ డైరెక్టరీల్లో రైతుల పేర్లు లెక్కపెట్టి ఒక పుస్తకమే రాశాడు. తరువాతి వారికి 1881 నాటి జనాభా లెక్కలు బాగా ఉపయోగపడ్డాయి. రైతులు అంత సులభంగా ఊరు వదలరు కనుక, పేరు చిక్కగా ఉన్న చోటే దాని పుట్టిల్లని వారి నమ్మకం. ఆ లెక్కన డంక్ అనే పేరు ఆగ్నేయ ఇంగ్లండుది, కెంట్, సస్సెక్స్ జిల్లాలది.

కెంట్ జిల్లాలో సస్సెక్స్ సరిహద్దుకు దగ్గరగా హాక్‌హర్స్ట్ అనే ఊరుంది. ఆ ప్రాంతం ఒకప్పుడు మందపాటి ఉన్ని బట్టకు పేరు పడింది. నూలు వడికించి, నేయించి, అమ్మే పెద్ద బట్టల వ్యాపారులు అక్కడ ఉండేవారు. డంక్ వారు అలాంటి కుటుంబమే. వారిలో సర్ థామస్ డంక్ లండన్ వెళ్ళి, నగరానికి షెరీఫ్ కూడా అయ్యాడు. 1718లో చనిపోతూ సొంత ఊళ్ళో ఒక బడికీ, వృద్ధుల ఆశ్రమానికీ డబ్బు రాసిపోయాడు. మిగిలిన ఆస్తి చేతులు మారి చివరకు ఆన్ రిచర్డ్స్ అనే అమ్మాయికి వచ్చింది. 1741లో ఆమెను పెళ్ళాడినవాడే మన హాలిఫాక్స్ ప్రభువు. ఆమె వెంట వచ్చిన ఆస్తి 1,10,000 పౌన్లని చెబుతారు. ఆ రోజుల్లో అది రాజులు అసూయపడే సొమ్ము. ఆ ఆస్తితోబాటు డంక్ అనే పేరునూ ఆయన తన పేరులో కలుపుకున్నాడు.

కొడుకులు లేని ధనికులు, మా పేరు పెట్టుకున్నవాడికే మా ఆస్తి అని వీలునామాలో షరతు పెట్టడం ఆ కాలపు ఇంగ్లండులో మామూలే. మనవాళ్ళ ఇల్లరికం, దత్తత ఇలాంటివే అనిపించింది మాకు. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట్లో. శ్రీరంగం వారికి దత్తు వెళ్ళినందువల్ల శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యాడు. ఆ దత్తత జరగకపోతే మనకు శ్రీశ్రీ అనే పేరే ఉండేది కాదు. ఇంకొక విశేషం, ప్రభువుగారు ప్రభుత్వ కాగితాల మీద చేసిన సంతకం: "డంక్ హాలిఫాక్స్". ఇంటిపేరు ముందు! అది చూసి మేము మన పద్ధతే కదా అని నవ్వుకున్నాము.

పేరు మార్చుకుని ఆస్తి పొందడం ఇంగ్లీషు దొరలకు తమ ఇళ్ళలో ఏమీ తప్పు కాలేదు. మన దేశంలో మాత్రం వేరే న్యాయం నడిచింది. మన పిల్లలెందరో చదువుకున్న డల్‌హౌసీ విశ్వవిద్యాలయాన్ని 1818లో స్థాపించినవాడు నోవా స్కోషియా గవర్నరుగా ఉన్న తొమ్మిదవ డల్‌హౌసీ ప్రభువు. ఆయన కొడుకే 1848 నుంచి 1856 వరకు ఇండియాలో గవర్నర్ జనరల్. సొంత కొడుకు లేని రాజు దత్తు తీసుకుంటే ఆ వారసత్వం చెల్లదని 1848లో సతారానూ, 1854లో ఝాన్సీ, నాగపూర్ రాజ్యాలనూ కంపెనీలో కలిపేసింది ఆయనే. పేరు నిలబెట్టుకునే హక్కు అందరికీ ఒకేలా లేదన్నమాట.

ఇక డంక్ పేరు ప్రపంచంలో ఎంత దూరం పోయిందో చూడండి. 1765లో శామ్యూల్ హాలండ్ అనే సర్వేయరు మన పక్కనున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపాన్ని కొలిచి పటం గీస్తూ, ఒక నదికి డంక్ నది అని పేరు పెట్టాడు. ఎండాకాలం సెలవులకు 1997లో కట్టిన పొడుగాటి వంతెన దాటి ఆ ద్వీపానికి వెళ్ళినవారు, సమ్మర్‌సైడ్ దగ్గర బెడెక్ అఖాతంలో కలిసే ఆ నదిని చూసే ఉంటారు. 1770లో కెప్టెన్ కుక్ ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట పోతూ ఒక దీవికి డంక్ దీవి అన్నాడు. దానికి కొంత దక్షిణంగా హాలిఫాక్స్ అఖాతం కూడా ఉంది. ఆ దీవికీ అక్కడి ఆదివాసులు పెట్టుకున్న పేరుంది, కూనంగ్లబా అని. కెంట్ జిల్లాలో బట్టలమ్మిన ఒక కుటుంబం పేరు, వారు కలలోనైనా చూడని రెండు సముద్రాల దగ్గర, ఇతరుల పేర్ల మీద కూర్చుంది.

మన ఇంటిపేర్లు దీనికి తలకిందులు. డంక్ మనిషి నుంచి చోటుకు పోయింది. మన పేర్లు చాలావరకు చోటు నుంచి మనిషికి వచ్చాయి. ఊరు వదిలి వచ్చినవాడిని కొత్త ఊరివాళ్ళు పాత ఊరి పేరుతో పిలుస్తారు, అదే తరతరాలకూ అంటుకుంటుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఊరు. రాధాకృష్ణన్ గారు పుట్టింది ఎక్కడో తిరుత్తణిలో. అయినా ఆ ఊరు ఆయనతోబాటు రాష్ట్రపతి భవనం దాకా వెళ్ళింది. అన్నీ ఊళ్ళ పేర్లేనని కాదు. జాషువాగారి ఇంటిపేరు గుర్రం. తోట వారున్నారు, చింతా వారున్నారు. అయినా ఊరి పేరు మోసేవారే ఎక్కువ. ఇంటిపేరంటే, మనవాళ్ళు ఎక్కడి నుంచి కదిలారో చెప్పే చిరునామా.

డంక్ ప్రభువుగారి కథ ఎలా ముగిసిందంటే, ఆయనకు భార్య వల్ల ముగ్గురు కూతుళ్ళు, కొడుకులు లేరు. ఒక కూతురు శాండ్‌విచ్ ప్రభువుగారి కోడలయింది. మనం తినే శాండ్‌విచ్‌కు పేరిచ్చిన ఆయనే. 1771లో తండ్రి చనిపోయేసరికి ఆ ముగ్గురు కూతుళ్ళూ పోయారు. ఆ వంశానికున్న హాలిఫాక్స్ బిరుదు అంతరించింది. ఆస్తి కోసం తెచ్చుకున్న పేరు ముప్ఫై ఏళ్ళకే ఆ ఇంట్లో ఆగిపోయింది. కెంట్‌లో వేరే డంక్ కుటుంబాలు ఉన్నందువల్ల పేరు బతికింది గానీ, ప్రభువుగారి వల్ల కాదు.

పేర్లు ఎందుకు అంతరిస్తాయన్న ప్రశ్నను 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ లెక్కల పండితుల ముందు పెట్టాడు. వాట్సన్ అనే మతగురువు దానికి లెక్క కట్టాడు. అందులో మనకు కావలసినది ఇంతే: పేరు కొడుకుల ద్వారా మాత్రమే పోయేటప్పుడు, సగటున ఇంటికొక్క కొడుకు కంటే ఎక్కువ నిలవని జనంలో ప్రతి పేరూ ఎప్పటికో అప్పటికి ఆగిపోక తప్పదు. తక్కువ మంది ఉన్న పేరు ముందు పోతుంది. ఇద్దరు పిల్లలతో, ఒక్క బిడ్డతో సరిపెట్టుకున్న మనలాంటి కుటుంబాలకు ఈ లెక్క దూరపు సంగతి కాదు.

అసలు మనవాళ్ళ ఇంటిపేర్లు సముద్రం దాటగానే చిక్కుల్లో పడ్డాయి. మారిషస్‌కు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన మన కూలీలకు కోరంగీలు అనే పేరు వచ్చింది. అక్కడి రిజిస్టర్లలో మనిషి పేరూ తండ్రి పేరూ ఎక్కాయి. చాలామందికి తండ్రి పేరే వంశనామమై, ఇంటిపేరు జారిపోయింది. కెనడాలో మనకు జరిగినదీ అటువంటిదే. ఫారంలో "లాస్ట్ నేమ్" అని అడిగితే పేరులో చివర ఉన్నది రాశాము. ఆ విధంగా రావుగారి పిల్లలందరూ రావులే అయ్యారు. టెలిఫోను డైరెక్టరీల కాలంలో అందులోని రావులు ఒకరికొకరు ఏమీ కారు. సగం మంది తెలుగువారే కాదు. ముందుండవలసిన ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలి, రెండవ తరానికి ఆ అక్షరం దేనికో తెలియకుండా పోయింది. ఇంటిపేరును చివరకు మార్చి నిలుపుకున్నవారూ ఉన్నారు. సత్య నాదెళ్ళ, 2021లో అంతరిక్షపు అంచు దాకా వెళ్ళివచ్చిన శిరీష బండ్ల పేర్లలో ఉన్నవి అచ్చమైన ఇంటిపేర్లే.

మేమూ ఇంటిపేరే పెట్టుకున్నాము. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలు. ఒక ఆఫీసులో గుమాస్తా తొమ్మిది దగ్గర ఆపేస్తే, మళ్ళీ వెళ్ళి మిగిలిన మూడూ రాయించుకుని వచ్చాము. అది అప్పటి తూర్పు గోదావరిలో, 2022 నుంచి కోనసీమ జిల్లాలో ఉన్న ఒక చిన్న ఊరి పేరు. మా తాతల నాడే ఆ ఊరు విడిచి కాకినాడ చేరాము. మాకు ఒక్కతే అమ్మాయి. అల్లుడు కేప్ బ్రెటన్ వాడు, మక్డోనాల్డ్. రాబోయే వసంతంలో అమ్మాయికి కాన్పు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర అమ్మాయి అంది: "అమ్మా, నాన్నా, బిడ్డకు మన ఇంటిపేరు పెడతాం." ఈ రాష్ట్రంలో తల్లి పేరైనా తండ్రి పేరైనా పెట్టవచ్చు. మేము అల్లుడి వైపు చూశాము. అతను నవ్వి, తమ వైపు మక్డోనాల్డ్‌లకు కరువేమీ లేదన్నాడు. అది నిజమే. కేప్ బ్రెటన్‌లో ఆ పేరువాళ్ళు ఎంతమంది అంటే, ఎవరు ఏ ఇంటివారో చెప్పడానికి తాత పేరో, చేసే పనో, ఏదో ఒక గుర్తు కలిపి పిలుచుకుంటారు. అంటే పేరుకొక ఇంటిపేరు! మన సంగతి అతనికి విప్పి చెప్పనవసరం లేకపోయింది.

కాకినాడలో ఉన్న మా అన్నయ్యగారికి మాత్రం ఫోనులో చెబితే నచ్చలేదు. "ఆడపిల్ల కడుపున పుట్టిన బిడ్డకు మన ఇంటిపేరేమిట్రా? రేపు సంబంధం చూసేవాడు ఇంటిపేరు చూసి సగోత్రమనుకోడూ? అల్లుడి తల్లిదండ్రుల మనసు కష్టపెట్టుకోరూ?" అన్నారు. ఆయన మాటను తోసేయలేము. ఇంటిపేరు అలంకారానికి పెట్టుకున్నది కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరితో వియ్యమందవచ్చో చెప్పడానికి ఏర్పడినది. అల్లుడి అమ్మగారిని మేమే అడిగాము. మనవడి పేరులో మధ్యన తమ మామగారి పేరు ఉంటే చాలన్నారామె. ఆ మాట అన్నయ్యగారికి చెబితే కాసేపు పలకలేదు. తరువాత అన్నారు: "పెడితే పెట్టండి. కానీ ఆ ఊరేదో ఒకసారి తీసుకొచ్చి చూపించండి. ఊరు తెలియని ఇంటిపేరు దేనికి?"

డంక్ వారి కథలో మాకు కనిపించినదీ ఇదే. పటాల మీద నదికీ దీవికీ ఎక్కినంత మాత్రాన పేరు బతికినట్టు కాదు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో ఆ నది ఒడ్డున సేద్యం చేసే రైతుకు హాక్‌హర్స్ట్ బట్టల వ్యాపారులతో పనేముంది? రక్తంతో వచ్చినంత మాత్రానా బతకదు. ఇది ఫలానా చోటిది, ఫలానావారు మోసుకొచ్చారు అని చెప్పేవారు ఉండాలి. ఆ చెప్పేవారు కొడుకే కానవసరం లేదు. కూతురు కావచ్చు, దత్తు వచ్చినవాడు కావచ్చు, మక్డోనాల్డ్ అల్లుడూ కావచ్చు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంటిపేరు తెలుగు లిపిలో పూర్తిగా, అది ఊరి పేరైతే ఏ తాలూకాలో ఏ ఊరో, కాకపోతే ఎలా వచ్చిందని మీ పెద్దలు చెప్పారో, ఆడవారైతే పుట్టింటి పేరు కూడా, ఒక కాగితం మీద రాసి పత్రికకు పంపండి. అన్నీ వరుసలో పెట్టి అచ్చువేయవచ్చు. ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే ముందు వారిని అడగండి. మా ఇంటిపేరూ, ఊరూ, తాలూకా రాసిన కాగితం మేము ఇప్పటికే సంపాదకులకు అందజేశాము.