అరిచే డబ్బా

మా హోసూరులో పోపు ఘాటు వీధి చివరిదాకా వస్తే "ఈ పొద్దు ఏం వంట?" అని అడుగుతారే తప్ప ఎవరూ ఉలిక్కిపడరు. 2023లో అమెరికాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లిన రెండో రోజు, నేను ఎండు మిరపకాయలు నూనెలో వేశానో లేదో, నడవ పైకప్పుకున్న తెల్లని డబ్బా చెవులు పగిలేలా అరిచింది. నిద్రపోతున్న మనవరాలు లేచి ఏడ్చింది. స్టూలెక్కి దాని బ్యాటరీ పీకి సొరుగులో పడేశాను. ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టి, మేడ మీద పాపను నిద్రపుచ్చుతూ నేనూ కునుకు తీశాను. పాలు ఇంకిపోయి గిన్నె మాడింది. నడవలోని డబ్బా అరవలేదు. దాని నోరు నొక్కింది నేనే కదా! పొగ మెట్లెక్కి వచ్చాక, పడకగది ముందున్న రెండో డబ్బా నన్ను లేపింది.

సాయంత్రం అమ్మాయి కోప్పడలేదు. "ఇక్కడివి చెక్క ఇళ్లు నాన్నా. మంటకంటే ముందు పొగే ప్రాణం తీస్తుంది" అంది. ఆ మాటకు తలెత్తలేకపోయాను.

మరునాడు ఇద్దరం డబ్బాను దించి చూశాం. వెనుక తయారైన ఏడు 2011 అని ఉంది. పదేళ్లు దాటితే డబ్బానే మార్చాలి. బ్యాటరీ కొత్తదైనా, మీట నొక్కితే కూత వినిపించినా, పొగను పసిగట్టే భాగాన్ని నమ్మడానికి లేదు. కొత్తది తెచ్చి పొయ్యికి పదడుగుల ఎడంగా బిగించాం. నెలకొకసారి మీట నొక్కి చూడడం, దుమ్ము తుడవడం నేను అక్కడున్నన్నాళ్లూ నా పనే. నిమిషానికోసారి కిచ్‌మంటే బ్యాటరీ అయిపోవచ్చిందని గుర్తు. మార్చమనే గాని పీకి పారేయమని కాదు.

చిన్నప్పుడు మా వీధిలో పూరిళ్లుండేవి. పొగవాసన తగిలితే చాలు, ఒక ముసలాయన కేకలు వేసి అందరినీ లేపేవాడు. ఒక రాత్రి అది చలిమంట పొగేనని తేలి అందరం తిట్టాం. ఆయన నవ్వి, "తిట్టుకోండప్పా, బతికుండి తిట్టుకోండి" అన్నాడు.

తిరిగొచ్చాక మా ఇంట్లోనూ ఒకటి బిగించుకున్నాను. మొన్న పోపుకు అది అరిచింది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. కిటికీ తెరిచాను. బ్యాటరీ జోలికి పోలేదు.