వదిలితే తిరిగి రావాలి

గిటారు వాయించేవాళ్లు నలుగురు కూడితే పాటల గురించి మాట్లాడుకుంటారనుకోవడం బయటివాళ్ల భ్రమ. వాళ్లు మాట్లాడుకునేది సరుకు గురించి. ఎవడు గిబ్సన్ అమ్మేశాడు, ఎవడు ఫెండర్‌కి మారాడు, ఎవడు పీఆర్‌ఎస్ మీద కన్నేశాడు, ఇవీ కబుర్లు. ఎందుకు మారావయ్యా అంటే "టోన్" అంటాడు. కొలిచి చూసేవాడు లేడు గనక ఆ మాటకి తిరుగులేదు. ఈ వలసల్లో చాలావాటి వెనక ఉన్నది శ్రుతి గొడవేనని నా అనుమానం. కంపెనీలు ఇచ్చే డబ్బు సంగతి ఎలాగూ ఉంది, దాన్ని పక్కన పెడదాం.

1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ వేదిక మీద కార్లోస్ సాంటానా చేతిలో ఉన్నది గిబ్సన్ ఎస్‌జీ. ఆ ఉత్సవం మీద తీసిన సినిమా చూసినవాళ్లకి అతని మొహం గుర్తుండే ఉంటుంది. కళ్లు మూసుకుని, నోరు వంకర తిప్పి, ఎవరితోనో పెనుగులాడుతున్నట్టుంటాడు. జనం దాన్ని తన్మయత్వం అనుకున్నారు. మత్తులో ఆ గిటారు మెడ పాములా మెలికలు తిరుగుతూ కనపడిందనీ, దేవుడా నన్ను శ్రుతిలో, లయలో నిలబెట్టు చాలని వేడుకుంటూ వాయించాననీ తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఆ గిటారు శ్రుతి నిలవక, కొత్తది కొనడానికి బృందంలోవాళ్లు ఒప్పుకోక, చివరికి దాన్ని విరగ్గొట్టేశాడట. ఆ తర్వాత గిబ్సన్‌దే లెస్ పాల్ పట్టాడు, యమహా పట్టాడు, మేరీలాండ్‌లో పాల్ రీడ్ స్మిత్ అనే కుర్రవాడు చేసిచ్చిన గిటారు దగ్గర కుదురుకున్నాడు.

స్మిత్ 1985లో పీఆర్‌ఎస్ కంపెనీ పెట్టినప్పుడు ఏం చేశాడో చూస్తే రోగం ఎక్కడుందో తెలుస్తుంది. గిబ్సన్ తలకి అటు మూడు, ఇటు మూడు బిరడాలు. మెడ చివర తీగలు ఆనుకునే గాళ్ల పట్టీ, అంటే నట్, దాటగానే మధ్య తీగలు రెండూ పక్కలకి ఒంగి వాటిని చేరుకోవాలి. ఆ ఒంపులో తీగ నట్ గాడి అంచుని ఒరుసుకుంటుంది. అందరికంటే ఎక్కువ పేచీ పెట్టేది మూడో తీగ, జీ. గిబ్సన్ వాయించేవాడు ప్రతి పాట తర్వాతా చెయ్యి పెట్టేది దాని బిరడా మీదే. స్మిత్ కూడా మూడేసి బిరడాలే పెట్టాడు గానీ, తీగలన్నీ దాదాపు తిన్నగా వెళ్లేలా తల ఆకారం గీశాడు. ఫెండర్ అంతకు ముప్పై ఏళ్ల ముందే ఆరు బిరడాలనీ ఒకే వరసలో పెట్టి అదే పని చేసింది.

ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. తయారుచేసిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, గిటారు వాయించడం రాదు. బహుశా అందుకే తీగల కింది చివర ఉండే బ్రిడ్జిని కదిలేలా పెట్టే ధైర్యం చేశాడు. దానికి తగిలించిన కడ్డీ నొక్కితే బ్రిడ్జి ముందుకు వాలుతుంది, ఆరు తీగలూ కలిసి కిందికి జారతాయి. వదిలితే వెనక స్ప్రింగులు లాక్కుని మళ్లీ చోటికి తెస్తాయి. తేవాలి, కనీసం.

1970లో ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లో ఒకే దుకాణంలో పాత స్ట్రాట్లు ఆరు కొన్నాడు. మూడు స్నేహితులకి పంచి, మిగిలిన మూడింట్లోంచి మెరుగైన భాగాలు ఏరి ఒకటి కూర్చుకున్నాడు. అదే "బ్లాకీ", 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. అంతకుముందు అతను గిబ్సన్ మనిషి. మారిన తర్వాత ఆ గిటారుకున్న గొప్ప విశేషాన్ని ఏం చేశాడు? అయిదు స్ప్రింగులూ తగిలించి, లోపలి ఇనుప దిమ్మకీ చెక్కకీ మధ్య కొయ్యముక్క దోపి, బ్రిడ్జి కదలకుండా బిగించేశాడు. అతనికి కావలసింది ఆ మెడ, ఆ పికప్‌లు. ఊగే బ్రిడ్జి అక్కర్లేదు.

యార్డ్‌బర్డ్స్ బృందంలో క్లాప్టన్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న జెఫ్ బెక్ కూడా లెస్ పాల్ వదిలి స్ట్రాట్‌కే వచ్చాడు. కానీ అతను బ్రిడ్జిని గాల్లో తేలేలా వదిలేశాడు. తీగలు రాపిడి లేకుండా జరగాలని నట్ దగ్గర రోలర్లు పెట్టించుకున్నాడు. 1989 నాటి "వేర్ వర్ యూ"లో పాటంతా కడ్డీ మీదే పలుకుతుంది. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. కంపెనీ పేరే సర్వం అనేవాళ్లకి ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూపించాలి.

శ్రుతి ఎందుకు తప్పుతుందో తెలియాలంటే స్ట్రాట్ వెనక మూత తీసి చూడాలి. పదో నంబరు సెట్టు వేస్తే తీగల మొత్తం లాగుడు నలభై కిలోల పైమాటే. ఆ లాగుడికి ఎదురు లాగేవి ఈ మూడు నాలుగు స్ప్రింగులు. రెండూ సరితూగిన చోట బ్రిడ్జి నిలబడుతుంది. అందుకే తేలే బ్రిడ్జి మీద ఒక తీగని వేలితో సాగదీస్తే మిగతా అయిదూ కాస్త దిగుతాయి. ఒకటి తెగిందా, మిగతా అయిదూ పైకెక్కి కూర్చుంటాయి. ఇది లోపం కాదు, దాని స్వభావం.

అసలు దొంగ రెండో చివర ఉంటాడు. కడ్డీ నొక్కి వదిలాక తీగ ఎక్కువ శ్రుతిలో పలికితే నట్‌ని అనుమానించాలి. వదులైనప్పుడు తీగ బిరడా వైపు కొద్దిగా జరిగి, తిరిగి రాబోతూ గాడిలో ఇరుక్కుంది. సాగదీసి వదిలాక తక్కువ పలికిందా, ఇటు జరిగిన తీగ అటు వెళ్లలేకపోయిందన్నమాట. సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. ఆయన మీటరు కూడా చూడడు. బిరడా తిప్పుతూ నట్ దగ్గర చెవి పెడతాడు. "టింక్"మని సన్నగా చప్పుడైతే చాలు. తీగ పక్కకి తీసి, గాడిని సన్నటి ఆకురాయితో రెండుసార్లు తోమి, మెత్తటి పెన్సిల్ ముల్లు అందులో రుద్ది, తీగని మళ్లీ కూర్చోబెడతాడు. కొత్త తీగల్ని చేత్తో పైకి లాగి లాగి సాగతీస్తాడు. బిరడా మీద రెండు మూడు చుట్లకి మించనివ్వడు. కిందినుంచి పైకే శ్రుతి చేయమంటాడు. దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కించమంటాడు. ఎక్కడా కంపెనీ పేరెత్తడు.

ఈ రాపిడిని బతిమాలడం మానేసి సంకెళ్లు వేసినవాడు ఫ్లాయిడ్ రోజ్. డెబ్బైల చివర్లో అతను నట్ దగ్గర తీగల్ని బోల్టులతో బిగించేశాడు, బ్రిడ్జి దగ్గర కూడా. అటూ ఇటూ జరగడానికి దారే లేకుండా పోయింది. తర్వాత బ్రిడ్జి మీద సన్న శ్రుతికి చిన్న మరలు చేర్చాడు. మన వీణ లంగర్ల మీద ఉంగరాలు జరిపి చేసుకునే పని అదే. రోజ్ బ్రిడ్జిని తొలినాళ్లలోనే పట్టుకున్నవాడు ఎడ్డీ వాన్ హేలెన్. అంతకుముందు, 1978 నాటి మొదటి ఆల్బమ్‌లో, మామూలు స్ట్రాట్ తరహా బ్రిడ్జితోనే నట్‌లో నూనె చుక్కలు వేసుకుని నెట్టుకొచ్చాడు. క్రేమర్, మ్యూజిక్ మ్యాన్, పీవీ, చివరికి తన పేరు పెట్టుకున్న ఈవీహెచ్ అంటూ ఎన్ని కంపెనీలు మారినా, రెండు వాక్యాలు వినగానే అది ఎడ్డీయే అని తెలిసిపోతుంది.

జాన్ మేయర్ సంగతి మరీ తమాషా. ఫెండర్‌తో తెగతెంపులు చేసుకుని పీఆర్‌ఎస్‌కి వెళ్లి, 2018లో తన పేరు మీద తెచ్చిన గిటారు చూస్తే మూడొంతులు స్ట్రాటే. ఇల్లు మారుతూ పాత ఇంటి గుమ్మం ఊడదీసుకుని వెళ్లినట్టుంది. నాకది తప్పుగా అనిపించదు. చెయ్యి అలవాటుపడింది ఆ గుమ్మానికే.

బెక్ 2001లో "నదియా" వాయించాడు. నితిన్ సాహ్నీ పాట అది; పాడిన గొంతులోని జారుల్నీ కంపితాల్నీ కడ్డీతోనూ వేళ్లతోనూ పట్టుకోవాలని చూశాడు, చాలావరకు పట్టుకున్నాడు. నేను దాన్ని విన్నప్పుడల్లా వెంటనే పాలకొల్లు శ్రీనివాస్‌ని పెట్టుకుంటాను. నాలుగు జతల తీగల మాండొలిన్ గమకానికి లొంగదని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యానికి మారినవాడు ఆయన. కడ్డీ లేదు, స్ప్రింగు లేదు. జాన్ మెక్లాఫ్లిన్ పక్కన కూర్చుని "రిమెంబర్ శక్తి" కచేరీల్లో ఆ బుల్లి మెట్ల మీద ఆ వేళ్లు చేసిన పనికి అమెరికా మరలేవీ అవసరపడలేదు.

ఇదంతా మా మిత్రుడొకడికి చెప్పాను. శ్రుతి నిలవడం లేదని స్ట్రాట్ అమ్మేసి ఫ్లాయిడ్ రోజ్ ఉన్న గిటారు కొందామనుకుంటున్నాడు. తీగ తెగితే ఆ బోల్టులు విప్పడానికి వేదిక మీద అలెన్ కీ వెతుక్కోవాలన్నాను. సికింద్రాబాద్ ఆయన్ని కలవమన్నాను, పెన్సిల్ కూడా ఇస్తానన్నాను. అంతా శ్రద్ధగా విని, అడ్వాన్సు ఇచ్చేశానన్నాడు. రంగు చాలా బాగుందట.