మావారి రేడియం జాకెట్టు

పేరు చూసి ఇదేదో కుట్టుపని వ్యాసం అనుకోకండి. కుట్టుపని కూడా కాస్త ఉందిలెండి, అదీ చెప్తాను. మావారు లారీ మెకానిక్. విజయవాడ ఆటోనగర్లో చిన్న షెడ్డు, ఇద్దరు కుర్రాళ్ళు. పగలు షెడ్డులో పని మామూలే. రాత్రి పదకొండింటికో రెండింటికో ఫోను మోగుతుంది చూడండి, దాని సంగతే వేరు. "అన్నా, కంచికచర్ల దాటాక బండి ఆగిపోయింది, లోడు మీదుంది" అంటాడు అవతలి డ్రైవరు. ఈయన లేచి మొహం కడుక్కుని, టూల్సు సంచీ భుజాన వేసుకుని బయల్దేరతారు. పెళ్ళయి ఇరవైమూడేళ్ళు. ఇలాంటి రాత్రులు ఎన్ని గడిచాయో నేనే లెక్క మరిచిపోయాను.

లారీల గొడవ మాకెందుకమ్మా అంటారేమో. కారుందిగా మీకు? మీకు లేకపోతే మీ అల్లుడికుంది, మరిదికుంది. సంక్రాంతికి పిల్లాపాపలతో ఊరెళ్తారు. దారిలో టైరు పంచరవుతుంది. మీవారు చొక్కా చేతులు పైకి మడిచి జాకీ తీస్తారు. మరి అప్పుడు పిల్లల్ని పట్టుకుని మీరెక్కడ నిలబడతారు? ఈ ప్రశ్న నేను చాలామంది వదినల్నీ అక్కల్నీ అడిగాను. "ఎక్కడేమిటి, కారు పక్కనే" అన్నారు అందరూ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. మావారితో కలిసి పని నేర్చుకున్న స్నేహితుడొకాయన ఉన్నారు. పేరు రాయను, వాళ్ళావిడ ఈ పత్రిక చదువుతుంది. 2011లో నందిగామ దగ్గర, హైదరాబాదు రోడ్డు మీద (2010లో నంబరు మార్చి అరవై అయిదు చేశారుగానీ మేమింకా తొమ్మిదో నంబరు రోడ్డనే అంటాం) ఒక లారీకి జాయింటు విరిగితే వెళ్ళారు. లారీ సగం మార్జిన్లో, సగం రోడ్డు మీద ఉంది. వెనకాల పది అడుగుల దూరంలో రెండు రాళ్ళూ, ఒక వేపకొమ్మా పెట్టారు. ఆయన కిందకి దూరి వెల్లకిలా పడుకున్నారు. కాళ్ళు మాత్రం రోడ్డు వైపు బయటికి ఉన్నాయి. తెల్లవారుజాము, కొంచెం మంచు. వెనకనించి వచ్చిన బస్సు కొమ్మని చూసి పక్కకి తిప్పింది కానీ కాలిని తప్పించలేకపోయింది. మోకాలి కిందనించి తీసేశారు. ఇప్పుడాయన స్పేరుపార్టుల కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటారు. బస్సు డ్రైవరుది తప్పేం లేదని ఆయనే అంటారు. "ఆ పది అడుగుల్లో వాడు మాత్రం ఏం చేస్తాడు?" అని.

ఏం చేస్తాడో మా అమ్మాయి లెక్క కట్టి చూపించింది. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో ఇరవైరెండు మీటర్లు దాటేస్తుందిట. డ్రైవరు కొమ్మని చూసి, అదేమిటో అర్థమై, కాలు బ్రేకు మీదకి వెళ్ళేసరికి ఒకటిన్నర, రెండు సెకన్లు పోతాయి. అంటే బ్రేకు పడకముందే నలభై మీటర్లు అయిపోయాయి. ఆ పైన లోడు లారీ ఆగాలంటే ఇంకెంత కావాలో మీరే ఊహించుకోండి. పది అడుగుల దూరంలో పెట్టిన రాయి, ఉన్నా లేనట్టే.

కొత్త కార్లకి డిక్కీలో ఒక ఎర్ర ముక్కోణం మడిచి ఇస్తారు. చాలామంది ఇళ్ళల్లో అది కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. మావారు ఎవరి కారు చూసినా మొదట అదే అడుగుతారు. కారు ఆగగానే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే మీట నొక్కి, ఆ ముక్కోణం తీసుకెళ్ళి వెనకాల కనీసం వంద అంగలు వేసి పెట్టాలి. మలుపుగానీ వంతెన దిగుడుగానీ ఉంటే దానికి అవతలే పెట్టాలి, లేకపోతే వచ్చేవాడికి కనబడదు. నడిచేటప్పుడు రోడ్డు మీద కాదు, మార్జిన్ చివరన నడవాలి. అద్దం లాంటి ఆ మెరిసే వైపు వచ్చే బండ్లకి కనబడేలా ముందు పట్టుకుని వెళ్ళాలి. రాత్రయితే సెల్‌ఫోను లైటు కూడా వేసుకోవాలి.

ఇక మన సంగతి. ఎండగా ఉందనో, వాన పడుతోందనో, చంటిపిల్ల నిద్రపోతోందనో ఆడవాళ్ళం వెనక సీట్లోనే కూర్చుండిపోతాం. వెనకనించి గుద్దే బండి మొదట తగిలేది ఆ సీటుకే. అందరూ ఎడమ వైపు తలుపులోంచి దిగాలి. రోడ్డు పక్కన ఇనుప రెయిలింగు ఉంటే దాని అవతలికి వెళ్ళాలి. లేకపోతే పొలం గట్టో, కాలవ గట్టో ఎక్కాలి. కారుకి ముందు వైపు నిలబడకండి, గుద్దితే ఆ కారే మీ మీదకొస్తుంది. రోడ్డుకి బాగా దూరంగా, బండ్లు వచ్చే వైపుకి జరిగి, వాటిని చూస్తూ నిలబడాలి. కారు వెనక నిలబడి కబుర్లు చెప్పుకోవడమంత పిచ్చిపని లేదు. వెలుగుతున్న ఎర్రలైట్లని మన చీరలతో మనమే కప్పేస్తాం కూడా.

టైరు మార్చడం మగవాళ్ళ పనే అని మీరనుకున్నా నేననుకోను. మా అమ్మాయికి నేర్పించాం. నాకూ వచ్చు. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. హ్యాండుబ్రేకు లాగి, గేరులో వేసి, ఏ టైరు విప్పుతున్నామో దానికి ఎదురుమూల టైరుకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. నట్లు కారు నేల మీద ఉన్నప్పుడే అరచుట్టు వదులు చెయ్యాలి. ఎత్తాక పానా మీద బలం పెడితే కారు జాకీ మీదనించి జారుతుంది. "జాకీ ఎత్తడానికే గానీ మొయ్యడానికి కాదు" అంటారు మావారు. అందుకని స్టెప్నీ తీసి, ముందు దాన్ని కారు కిందకి అడ్డంగా తోసి పెట్టాలి. జాకీ జారినా కారు దాని మీద పడుతుంది, మన మీద కాదు. పాత టైరు విప్పాక దాన్ని కిందకి తోసి స్టెప్నీ తీసుకోవాలి. చెయ్యి, తల, కాలు ఏదీ కిందకి పెట్టకూడదు. నట్టు దొర్లి కిందకి పోతే పుల్లతో లాక్కోవాలి. కారు ఎత్తినంతసేపూ లోపల ఎవరూ ఉండకూడదు, నిద్రపోతున్న మామగారు కూడా! కుడి వైపు టైరు పోతే, అంటే మీవారి వీపు రోడ్డు మీద పోయే బండ్ల వైపు ఉండాల్సి వస్తే, అక్కడ విప్పనే వద్దు. ఆ టైరు పాడైతే అయింది, మెల్లగా పెట్రోలు బంకు దాకానో, పక్క సందు దాకానో పోనిచ్చి విప్పుకోండి. టైరు మళ్ళీ కొనుక్కోవచ్చు.

బోనెట్ లోంచి ఆవిరి వస్తే ఏం చెయ్యాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కుక్కరు ఈల వేస్తుండగా మూత తీస్తామా? రేడియేటరూ అంతే. లోపలి నీళ్ళు ఒత్తిడి మీద ఉంటాయి, మరిగే వేడి కన్నా ఎక్కువ వేడిగా ఉంటాయి. మూత కదిపితే మొహం మీదకి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి. తర్వాత కూడా మందపాటి గుడ్డ వేసి, మొహం దూరంగా పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పాలి. ఇంకోటి, ఇంజను ఆపేసినా ముందున్న ఫ్యాను తనంతట తనే తిరగడం మొదలుపెట్టొచ్చు. పైట కొంగు, చున్నీ, జడ, అన్నీ బిగించుకునే వంగాలి. బ్యాటరీ దగ్గర గాజులూ, ఉంగరాలూ, వేలాడే గొలుసులూ అసలు పనికిరావు. రెండు కొనలకీ లోహం తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. కరెంటు కార్లయితే నారింజరంగు వైర్లు కనబడ్డాయంటే మూత దించేసి పక్కకి రండి.

తాడు కట్టి లాగడం ఇంకో ప్రమాదం. పాత కొబ్బరితాడో, చేంతాడో అయితే తెగి కొరడాలాగా కొడుతుంది. తాడు పొడవు కన్నా దగ్గర్లో ఎవరూ నిలబడకూడదు. మావారు తాడు మధ్యలో బరువుకని తడిపిన గోనెసంచి వేలాడదీస్తారు, తెగినా అంత ఎగరదు. ఇంజను ఆగిన కారుకి స్టీరింగూ బ్రేకూ రెండూ బిగుసుకున్నట్టుంటాయని కూడా గుర్తుంచుకోండి. మామూలు బలం చాలదు.

జాతీయ రహదారి అయితే 1033కి ఫోను చెయ్యండి. రాత్రీ పగలూ పనిచేసే నంబరు. ఎక్కడున్నారని అడుగుతారు, అప్పుడు "మామిడితోట దగ్గర" అంటే లాభం లేదు. పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీద ఏముందో, ఏ ఊరు వెళ్ళే వైపున ఉన్నారో చెప్పాలి. ప్రాణం మీదకొస్తే 112, అంబులెన్సుకి 108.

2011 తర్వాత మావారు ఒక పట్టుదల పట్టారు. బండి రోడ్డు మీదకి ఏమాత్రం వచ్చి ఉన్నా, అక్కడ కిందకి దూరరు. ముందు క్రేను తెప్పించి సర్వీసు రోడ్డులోకో, ధాబా ఆవరణలోకో లాగిస్తారు, తర్వాతే పని. "పది నిమిషాల పని అన్నా, దీనికి క్రేను ఖర్చెందుకు" అని ఓనర్లు సణుగుతారు. కొందరు వేరే మెకానిక్కుని పిలుచుకున్నారు. పోతే పోయారు అన్నాను నేను. నెలలో రెండు బేరాలు తగ్గిన మాట నిజమే. పచారీ కొట్టు ఖాతా అప్పుడప్పుడూ పైకి పోతుంది.

ఇక జాకెట్టు సంగతి. మగవాళ్ళకి జాకెట్టేమిటని మా అత్తగారు నవ్వేవారు. చిలకపచ్చ రంగు, వెండి పట్టీలు, అందరూ రేడియం జాకెట్టంటారు. బజార్లో దొరుకుతుంది. పచ్చరంగు పగటికి, పట్టీలు రాత్రి లైటు పడితే మెరవడానికి. ఆయన మొదటిసారి వేసుకుని వెల్లకిలా పడుకుంటే చూశాను. జాకెట్టు మొత్తం లారీ కిందకి పోయింది, బయటికి కనబడేవి నల్లప్యాంటు కాళ్ళే! ఆ స్నేహితుడి కాలు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. మర్నాడే ఆ పట్టీ మూడు మీటర్లు తెప్పించి, ప్యాంటుకి చీలమండల దగ్గరా, మోకాళ్ళ కిందా చుట్టూ కుట్టాను. చేతులకి కూడా. కాళ్ళ దగ్గర పట్టీ ఉంటే నడిచేటప్పుడు అది కదులుతుంది, అక్కడున్నది మనిషని దూరంనించే తెలుస్తుంది. పట్టీ మీద ఇస్త్రీ పెట్టకండి, బ్లీచింగు వెయ్యకండి, బ్రష్షుతో రుద్దకండి, మెరుపు పోతుంది. గ్రీజు మరకని గిన్నెల సబ్బునీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. మెరుపు తగ్గిందేమో చూడాలంటే చీకట్లో పదిహేను అడుగుల దూరంనించి టార్చి వేసి చూడండి.

అన్నట్టు, పని అయ్యాక రోడ్డు మీద పెట్టిన రాళ్ళు తీసెయ్యాలి. బండి బాగైందన్న సంతోషంలో చాలామంది వదిలేసి పోతారు. వెనకాల స్కూటరు మీద పిల్లని ఎక్కించుకుని వచ్చేవాడికి చీకట్లో ఆ రాయి ఏం కనబడుతుంది? మావారు ఇతరులు వదిలేసినవి కూడా దిగి తీసి పక్కన పడేస్తుంటారు. ఇంటికి ఆలస్యమైందంటే సగం రోజులు కారణం అదే.

ఈ వారం షెడ్డులో కుర్రాళ్ళ ప్యాంట్లకి కూడా పట్టీలు కుడుతున్నాను. పెద్దాడు కిక్కురుమనకుండా తొడుక్కున్నాడు. చిన్నాడు మాత్రం బ్యాండుమేళం వాడిలా ఉన్నాను పిన్నీ అని గునుస్తున్నాడు. ఉండు నాయనా, అలాగే ఉండు అన్నాను.